41 నా.మీ. బంగారు రేణువులతో సెర్స్: సిమ్యులేషన్‌లో 10⁹, కొలిస్తే 10⁴. తేడా ఎక్కడ?

పసిడినీరు

నమస్కారం అండీ. 4-మెర్కాప్టోబెంజోయిక్ ఆమ్లంతో (కింద ఎంబీఏ అని రాస్తాను, డిగ్రీ కాదు) సెర్స్ (అణువులు రంగు మార్చి వెదజల్లే రామన్ కాంతిని లోహ రేణువుల సాయంతో పెంచి చూసే పద్ధతి) కొలతలు తీస్తుంటే లెక్కకీ కొలతకీ పొంతన కుదరడం లేదు.

కొల్లాయిడ్ ఫ్రెన్స్ పద్ధతిలో చేసింది. 0.01% క్లోరోఆరిక్ ఆమ్లం 50 మి.లీ. మరిగించి, 1% ట్రైసోడియం సిట్రేట్ 0.5 మి.లీ. ఒక్కసారిగా పోయడం. టీఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) సగటు వ్యాసం 41 నా.మీ., యూవీ-విజిబుల్ శోషణలో పీక్ 529 నా.మీ. దీన్ని 1 మి.లీ. తీసుకుని, ఇథనాల్‌లో కరిగించిన 10 మిల్లీమోలార్ ఎంబీఏ 10 మైక్రోలీటర్లు కలిపాను. అంటే చివరికి 100 మైక్రోమోలార్. పది నిమిషాల తర్వాత 1 మోలార్ ఉప్పునీళ్లు 30 మైక్రోలీటర్లు వేస్తే ఎరుపు పోయి నీలం బూడిద రంగులోకి తిరిగింది.

పోలిక కోసం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 0.1 మోలార్ ఎంబీఏ మామూలు రామన్ తీశాను. 1076 సెం.మీ⁻¹ పీక్ ఎత్తుల నిష్పత్తిని గాఢతల నిష్పత్తితో సరిచేస్తే 633 నా.మీ. లేజర్‌కి వృద్ధి 3×10⁴.

1. ఎఫ్‌డీటీడీలో (చోటుని గళ్లుగా విడగొట్టి కాంతి క్షేత్రాన్ని లెక్కించే సిమ్యులేషన్) 41 నా.మీ. గోళాలు రెండు, మధ్య సందు 1 నా.మీ., గ్రిడ్ 0.5 నా.మీ. పెడితే గరిష్ఠం 2×10⁹ వస్తోంది. ఇంత తేడా ఎందుకు?
2. పీక్ 529 దగ్గరే ఉంది కదా అని 532 లేజర్ వాడితే సిగ్నల్ దాదాపు లేదు. 785తో బాగుంది. తలకిందులుగా ఉండాలి కదా?
3. చుక్కని గాజు పలక మీద ఆరబెడితే ఒక చోటికీ ఇంకో చోటికీ 50 రెట్లు తేడా. ద్రవంలోనే 100× ఆబ్జెక్టివ్‌తో చూస్తే సిగ్నల్ మిణుకుమిణుకుమంటోంది.

ప్రతిధ్వని

మూడింటికీ మూలం ఒకటే. ఊరంతా వాన పడినా నీళ్లు నిలిచేది గుంటల్లోనే. రేణువుల మీద పడిన కాంతి క్షేత్రం సంగతీ అంతే. మీరు గుంట లోతుని సిమ్యులేషన్‌లో కొలిచి, ఊరి సగటు తడితో పోలుస్తున్నారు.

ముందు ఒంటరి రేణువు. తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న గోళం అనుకుంటే, ధ్రువం దగ్గర ఫీల్డ్ పెరుగుదల ఇది (ఎప్సిలాన్ అంటే పదార్థం విద్యుత్ క్షేత్రానికి ఎలా స్పందిస్తుందో చెప్పే సంఖ్య):

1 + 2 × (బంగారం ఎప్సిలాన్ − నీటి ఎప్సిలాన్) ÷ (బంగారం ఎప్సిలాన్ + 2 × నీటి ఎప్సిలాన్)

నీటికి 1.77 వేయండి. జాన్సన్, క్రిస్టీల 1972 పట్టిక ప్రకారం 633 దగ్గర బంగారానికి రియల్ భాగం సుమారు −11.7, ఇమాజినరీ 1.26. ఫీల్డ్ 4.3 రెట్లు వస్తుంది. సెర్స్‌లో లోపలికి వచ్చే లేజర్ ఫీల్డ్ వర్గం, బయటికి పోయే రామన్ కాంతి ఫీల్డ్ వర్గం రెండూ గుణించుకుంటాయి కాబట్టి ఉరమరగా నాలుగో ఘాతం తీసుకుంటాం. అది 330. 532 దగ్గర (−4.7, 2.4) ఫీల్డ్ దాదాపు 6 రెట్లు, నాలుగో ఘాతం 1,200. అంటే ఒంటరి రేణువుకి 532 నిజంగానే మేలు! కానీ ఆ మేలు మొత్తం 1,200 దగ్గరే ఆగిపోయింది, అదీ ధ్రువం కొన మీద మాత్రమే. దానితో సెర్స్ సాగదు.

రెండు గోళాలు దగ్గరకొస్తే కథ మారుతుంది. ఎదురెదురు ముఖాల మీద వ్యతిరేక ఆవేశాలు పోగై, వోల్టేజి మొత్తం ఆ 1 నా.మీ. సందులోనే పడుతుంది. ఆ జంట అనునాదం కూడా ఎరుపు వైపు జరుగుతుంది. మీ సైజుకీ సందుకీ 600ల్లోకి వచ్చేస్తుంది, గొలుసుల్లా అల్లుకున్న గుంపులైతే ఇంకా పైకి. మీ 529 పీక్ చూపించేది జంట కట్టని మెజారిటీని. సిగ్నల్ ఇచ్చే మైనారిటీ వేరే చోట ఉంది. ఓట్ల లెక్కతో సిగ్నల్‌ని అంచనా వేయకూడదు.

పైగా సుమారు 520 కన్నా పొట్టి తరంగాలకు బంగారంలో బ్యాండ్ల మధ్య ఎలక్ట్రాన్ దూకుళ్లు మొదలై శోషణ పెరుగుతుంది, దాని తోక 532 మీద కూడా ఉంటుంది. ఇమాజినరీ భాగం 532 దగ్గర 2.4 ఉంటే 633 దగ్గర సగమే. జంట అనునాదాన్ని ఆ నష్టం మొద్దుబారుస్తుంది. ఇంకో చిన్న సంగతి: 1 సెం.మీ. క్యూవెట్‌లో శోషణ 1 ఉంటే లేజర్ అవతలి గోడ చేరేసరికి పదో వంతు అవుతుంది, తిరిగొచ్చే రామన్ కాంతికీ అదే గతి. 532తోనే కొలవాలంటే ఫోకస్‌ని గోడకి ఆనించి పెట్టండి.

ఇక మొదటి ప్రశ్న. గోళం వ్యాసార్ధం ర, కనిష్ఠ సందు స అనుకోండి. అక్షం నుంచి పక్కకి జరిగేకొద్దీ సందు వెడల్పవుతుంది, ఫీల్డ్ దానికి విలోమంగా తగ్గుతుందని తీసుకుంటే, నాలుగో ఘాతాన్ని గోళం ఉపరితలమంతా సగటు చేసినప్పుడు గరిష్ఠంలో స ÷ (12 ర) భాగం మిగులుతుంది. మీ అంకెలతో అది 1/246. నాలుగో ఘాతం సగానికి పడిపోయే వలయం వ్యాసార్ధం 2 నా.మీ. మాత్రమే. అంటే గోళం మొత్తం ఉపరితలం 5,280 చదరపు నా.మీ.లో ఓ 12 చదరపు నా.మీ. అక్కడ పట్టేది యాభై అరవై ఎంబీఏ అణువులు. మిగతావన్నీ ప్రేక్షకులు.

2×10⁹ ÷ 246 అంటే 8×10⁶. జంటలు ద్రవంలో అన్ని దిక్కులకీ తిరుగుతాయి, లేజర్ పోలరైజేషన్ ఒక్కటే. కొసైన్ నాలుగో ఘాతం సగటు 1/5. మిగిలింది 1.6×10⁶. మీరు కొలిచిన 3×10⁴కి ఇంకా యాభై రెట్లు దూరం. అది మీ అణువుల లెక్కలో ఉంది, కింద ఎవరైనా పట్టుకుంటారు చూడండి.

గాజుబీకరు

పట్టుకున్నాను. 100 మైక్రోమోలార్ ఎంబీఏ అంతా బంగారం మీదే కూర్చుందని లెక్కేశారు. అంత చోటు లేదు.

0.01% అంటే లీటరుకి 0.25 మిల్లీమోల్ బంగారం, ఘనపరిమాణం 2.55×10⁻⁹ ఘనపు మీటర్లు. 41 నా.మీ. గోళాలైతే లీటరుకి మొత్తం ఉపరితలం 0.37 చదరపు మీటర్లు. థయాల్ (గంధకపు కొసతో బంగారాన్ని పట్టుకునే అణువు, ఇక్కడ ఎంబీఏ) ఒక్కోటి 0.22 చదరపు నా.మీ. తీసుకుంటుందనుకుంటే నిండా ఒక పొరకి 1.7×10¹⁸ అణువులు, అంటే 2.8 మైక్రోమోలార్ సరిపోతుంది. మీరు వేసింది దానికి 36 రెట్లు. 3×10⁴ని 36తో గుణిస్తే 1.1×10⁶. పైన వచ్చింది 1.6×10⁶. ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది లెండి: అన్ని రేణువులూ జంట కట్టవు, కొన్నిటికి రెండు మూడు సందులుంటాయి, థయాల్ బంధం వల్ల వచ్చే రసాయన వృద్ధి వేరే. ఒకదాన్నొకటి సరిపెట్టుకున్నాయి.

ఎక్కువ ఎంబీఏ వల్ల లెక్క తప్పడం ఒక్కటే కాదు. సిట్రేట్‌ని తోసేసి కూర్చున్న ఎంబీఏకి ఆవేశం దాని కార్బాక్సిల్ నుంచే రావాలి. పీహెచ్ 5 కిందికి దిగితే అది ప్రోటాన్ పట్టుకుని తటస్థమవుతుంది, ఉప్పు వేయకముందే గుంపులు మొదలవుతాయి. మీ ద్రావణం ఉప్పుకి ముందే కొద్దిగా ఊదా రంగుకి తిరిగిందేమో గుర్తు తెచ్చుకోండి.

ఇలా చేయండి:

గాజు సామాను ఆక్వా రీజియాతో కడగాలి (హైడ్రోక్లోరిక్ మూడు పాళ్లు, నైట్రిక్ ఒక పాలు, ఫ్యూమ్ హుడ్‌లోనే, మూత బిగించకుండా). గోడకి పాత బంగారం మరక ఉంటే కొత్త రేణువులు దాని మీదే పెరుగుతాయి. నీళ్లు 18.2 మెగాఓమ్‌వి.

సైజు సిట్రేట్‌తో మారుతుంది. అదే 50 మి.లీ.కి సిట్రేట్ 1 మి.లీ. పోస్తే 16, 0.75కి 24, 0.5కి 41, 0.3కి 70 పైన, ఇవి ఫ్రెన్స్ 1973లో ఇచ్చిన అంకెలు. 70 దాటితే సైజుల చెదురు ఎక్కువ, ఈ పనికి వద్దు.

ఎంబీఏ చివరి గాఢత 1 మైక్రోమోలార్ పెట్టండి. పొరలో మూడో వంతే నిండుతుంది, వేసినదంతా బంగారం మీదకే పోతుందని ధైర్యంగా అనుకోవచ్చు. 100 మైక్రోమోలార్ స్టాక్ నుంచి 10 మైక్రోలీటర్లు, వోర్టెక్స్ మీద తిప్పుతూ వేయాలి. 15 నిమిషాలు ఆగాలి.

ఉప్పు దగ్గరే అందరం తప్పు చేసేది. 1 మోలార్ చుక్క పడిన చోట క్షణంపాటు గాఢత వందల మిల్లీమోలార్ ఉంటుంది, అక్కడి రేణువులు ముద్దకడతాయి, మిగతావి అలాగే ఉంటాయి. రోజుకో ఫలితం రావడానికి మొదటి కారణం ఇదే. సమానంగా కలపండి: కొల్లాయిడ్ 500 మైక్రోలీటర్లు, కావలసిన దానికి రెట్టింపు గాఢత ఉన్న ఉప్పునీళ్లు 500. చివరికి 10, 20, 30, 40, 50 మిల్లీమోలార్ వచ్చేలా ఐదు గొట్టాలు. వికర్షణ ఎంత దూరం పనిచేస్తుందో చెప్పే డిబై పొడవు 10 మిల్లీమోలార్‌లో 3 నా.మీ., 30లో 1.75, 100లో 1 కన్నా తక్కువ. కాబట్టి 20–40 మధ్య ఎక్కడో జంటలు కట్టడం ఊపందుకుంటుంది. మీ బ్యాచ్‌కి అది ఎక్కడో గొట్టాలే చెబుతాయి.

ఒక్కో గొట్టానికీ 2, 5, 10 నిమిషాలకి యూవీ-విజిబుల్ తీయండి. 529 పీక్ కొద్దిగా తగ్గి 620–680 మధ్య భుజం (పీక్ పక్కన చిన్న ఉబ్బు) లేచినప్పుడు మంచి దశ. 529 పూర్తిగా కూలిపోయి 800 దాకా చదునైన గుట్ట వచ్చిందంటే పెద్ద ముద్దలు, అవి కిందకి దిగిపోతాయి. మీ నీలం బూడిద రంగు ఆ వైపే ఉన్నట్టుంది. మంచి దశలో పీవీపీ (రేణువుల్ని కప్పి విడిగా ఉంచే పాలిమర్) ద్రావణం కలిపితే గుంపు కట్టడం చాలావరకు ఆగుతుంది, కొలవడానికి తీరిక దొరుకుతుంది. కానీ ముందే పీవీపీ వేస్తే జంటలే కట్టవు.

మిణుకుమిణుకు గురించి: మీ కొల్లాయిడ్‌లో మి.లీ.కి 7×10¹⁰ రేణువులు. ఘనపు మైక్రాన్‌కి 0.07. అంటే 100× ఆబ్జెక్టివ్ ఫోకస్‌లో చాలాసేపు ఒక్క రేణువూ ఉండదు, ఏదైనా గుంపు అటుగా తేలి పోయినప్పుడు మెరుస్తుంది. పరికరం లోపం కాదు. 5× లేదా 10× వేయండి, చాలా ఎక్కువ రేణువులు ఒకేసారి చూపులోకి వస్తాయి, సగటు స్థిరపడుతుంది.

నలుపుతెర

ఎఫ్‌డీటీడీ సంగతి ఎవరూ కదపలేదు. 2×10⁹ అంకెనే నేను నమ్మను.

1 నా.మీ. సందులో 0.5 గ్రిడ్ అంటే రెండే గళ్లు. గుండ్రటి ఉపరితలం మెట్లమెట్లుగా మారుతుంది, మెట్టు మూల దగ్గర ఫీల్డ్ పొడుచుకొస్తుంది, సాఫ్ట్‌వేర్ ఇచ్చే గరిష్ఠం ఆ మూలదే. ఒకే ఒక్క గడి విలువ తీసుకోకండి. సందు మధ్య బిందువు విలువ చూడండి, తర్వాత లోహం నుంచి 0.5 నా.మీ. ఎడంగా ఒక గోళాకార పొర మీద నాలుగో ఘాతం సగటు తీయండి. ప్రతిధ్వని గారి 1/246తో పోల్చాల్సింది దాన్ని.

గ్రిడ్‌ని 0.5, 0.25, 0.125 చేస్తూ పోండి. మధ్య బిందువు విలువ రెండు వరుస గ్రిడ్‌ల మధ్య 5 శాతం లోపు మారేదాకా ఆగొద్దు. సన్నటి గ్రిడ్ సందు చుట్టూ 10 నా.మీ. పెట్టెలో చాలు. అయితే కాలపు అడుగుని నిర్ణయించేది అతిచిన్న గడి: 0.1 నా.మీ.కి అడుగు 1.9×10⁻¹⁹ సెకన్లు మించకూడదు, 100 ఫెమ్టోసెకన్ల పరుగుకి ఐదు లక్షల పైచిలుకు అడుగులు. సౌష్ఠవ తలాలు రెండు వాడితే పని నాలుగో వంతుకి తగ్గుతుంది.

బంగారం డేటాకి సాఫ్ట్‌వేర్ వేసే ఫిట్‌ని కళ్లతో చూడండి. 300 నుంచి 1,100 దాకా ఒకేసారి ఫిట్ చేయమంటే 600–700 మధ్య ఇమాజినరీ భాగం పక్కకి పోతుంది. అది తక్కువ పడితే అనునాదం సూదిలా లేస్తుంది, నాలుగో ఘాతంలో ఆ తప్పు పెద్దదై కూర్చుంటుంది. 500–900కి కుదించండి.

సందులో నీళ్లు పెట్టారా? అక్కడ ఉండేది ఎంబీఏ పొర. వక్రీభవన గుణకం 1.45 చుట్టుపక్కల వేయండి, అనునాదం ఇంకాస్త ఎరుపుకి జరుగుతుంది. సందు 0.5 కిందికి తగ్గించి "ఇంకా పెరుగుతోంది" అని మాత్రం మురిసిపోవద్దు. లోహంలో ప్రతి బిందువూ అక్కడి ఫీల్డ్‌కే స్పందిస్తుందన్న ఊహ అక్కడ చెల్లదు. 0.3 నా.మీ. దగ్గర ఎలక్ట్రాన్లు సందు దాటి టన్నెల్ అవడం 2012లో కేంబ్రిడ్జి బృందం ప్రయోగంలో చూపింది, ఆ దశలో ఫీల్డ్ పెరగడం మాని తగ్గుతుంది.

ఉత్త గోళాలకైతే ఎఫ్‌డీటీడీయే అక్కర్లేదు. ఉపరితలాన్ని మాత్రమే ముక్కలు చేసే సరిహద్దు మూలక పద్ధతి, మ్యాట్‌ల్యాబ్‌లో ఎంఎన్‌పీబెమ్ టూల్‌బాక్స్ లాంటిది, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. మెట్ల బెడద ఉండదు.

పసిడినీరు

అందరికీ ధన్యవాదాలండీ. ఉప్పుకి ముందే ఊదా ఛాయ ఉన్న మాట నిజమే, ఫొటోలో కనిపిస్తోంది. ఆరబెట్టిన చుక్క గురించి ఎవరూ చెప్పలేదు. ఎంబీఏ బదులు రోడమిన్ 6జీ వాడితే సిగ్నల్ ఎక్కువొస్తుందని ఒకరు సలహా ఇచ్చారు, మార్చనా?

ప్రతిధ్వని

వద్దు. రోడమిన్ 6జీ 525–530 దగ్గర తనే గట్టిగా శోషిస్తుంది. 532 లేజర్‌తో చూస్తే అణువు సొంత అనునాద రామన్ వచ్చి కలుస్తుంది, ఎంత ఫీల్డ్ వల్ల, ఎంత రంగు వల్ల అన్నది విడదీయలేరు. గొప్ప అంకెలు కావాలంటే అది, స్థానిక ఫీల్డ్ కొలవాలంటే ఎంబీఏ.

లేజర్ ఎంచుకునేటప్పుడు రామన్ కాంతి ఎక్కడ పడుతుందో కూడా చూసుకోండి. 1076 సెం.మీ⁻¹ పీక్ 633 లేజర్‌కి 679 నా.మీ. దగ్గర, 785కి 857 దగ్గర పడుతుంది. జంట అనునాదం లేజర్‌కీ ఆ గీతకీ మధ్య ఉంటే రెండు వర్గాలూ లాభపడతాయి. 650 చుట్టూ భుజం ఉన్న గొట్టానికి 633, ముద్ద ఎక్కువై 800 దాకా సాగినదానికి 785. మీకు 785 బాగా రావడం ముద్దలకి ఇంకో ఆనవాలు.

గాజుబీకరు

ఆరబెట్టిన చుక్కకి రెండు జబ్బులు. ఒకటి, అంచు వలయం: నీళ్లు ఆరేటప్పుడు రేణువుల్ని అంచుకి మోసుకుపోతాయి, మధ్యలో పలచన. రెండోది ఎంత జాగ్రత్తపడ్డా పోదు, అది హాట్‌స్పాట్‌ల (ఫీల్డ్ పోగయ్యే సందుల) స్వభావం. ఇల్లినాయ్‌లో డ్లాట్ బృందం 2008లో వెండి పూత వేసిన గోళాల మీద కొలిస్తే, పది లక్షల చోట్లలో 63 మాత్రమే 10⁹ దాటాయి, మొత్తం సిగ్నల్‌లో 24 శాతం ఆ 63వే. ఇలాంటి పంపిణీకి సగటూ ప్రామాణిక విచలనమూ అంటే అర్థం ఉండదు. కనీసం 10×10 బిందువుల మ్యాప్ తీసి, లాగ్ స్కేల్ మీద హిస్టోగ్రామ్ గీసి, మధ్యగతం ఇవ్వండి. బాగా మెరిసిన ఒక్క చోటు ఏరుకుని చూపించే పేపర్లు చాలానే ఉన్నాయి, వాటితో మీ అంకె పోల్చి బాధపడకండి.

పవర్ కూడా చూసుకోండి. 633 లేజర్, 0.5 ఎన్‌ఏ (కాంతిని పోగుచేసే కోణం కొలత) ఆబ్జెక్టివ్‌కి చుక్క వ్యాసం 1.5 మైక్రాన్లు. 1 మిల్లీవాట్ వేసినా చదరపు సెం.మీ.కి 54 కిలోవాట్లు. ఎండిన చోట వేడి పోయే దారి తక్కువ, ఎంబీఏ మాడిపోతుంది. మాడిన కార్బన్ 1350, 1580 దగ్గర వెడల్పాటి గుట్టలు ఇస్తుంది. ఎంబీఏ రెండో పీక్ 1586 దాని కిందే పడుతుంది కాబట్టి తికమక ఖాయం. సన్నగా ఉండి 1076తో నిష్పత్తి మారకపోతే ఎంబీఏ, వెడల్పై ఎగిరెగిరి పడుతుంటే మాడు. 0.1, 0.3, 1, 3 మిల్లీవాట్లు వరుసగా పెంచి, మళ్లీ 0.1కి వచ్చి చూడండి. మొదటి విలువ తిరిగి రాకపోతే ఆ పైమెట్టు మీ పరిమితి దాటింది. ప్రతి సారీ మొదలుపెట్టే ముందు సిలికాన్ ముక్క మీద 520.7 గీత చూసి, దాని ఎత్తు రాసి పెట్టుకోండి. వేర్వేరు రోజుల స్పెక్ట్రాలు పోల్చడానికి అదొక్కటే ఆధారం.

పసిడినీరు

1 మైక్రోమోలార్ ఎంబీఏ, సగం-సగం ఉప్పు పద్ధతిలో ఐదు గొట్టాలు పెట్టి చూశాను. ఉప్పుకి ముందు రంగు మారలేదు. 20 దగ్గర కదలిక లేదు, 30 దగ్గర 5 నిమిషాలకి 640లో భుజం, 40 దగ్గర 2 నిమిషాలకే గుట్ట. 30 గొట్టాన్ని 10× ఆబ్జెక్టివ్‌తో 633 మీద పది సార్లు తీస్తే 1076 ఎత్తు 8 శాతం లోపే ఊగింది. సగం పలచనైన కొల్లాయిడ్‌కి ఎంబీఏ కూడా సగమే అయింది, వృద్ధి లెక్కలో 0.5 మైక్రోమోలార్ వేయాలి కదా?

గాజుబీకరు

అవును, 0.5. ఉపరితలం కూడా సగమైంది కాబట్టి పొర నిండిన వంతు మారలేదు. రిఫరెన్స్ 0.1 మోలార్ ద్రావణాన్ని కూడా అదే 10×తో, అదే క్యూవెట్‌లో, ఫోకస్ గోడ నుంచి అదే లోతులో తీయండి. పాతది 100×తో తీసినదైతే పారేయండి.